స్టార్లు సినిమాకా, కాపీకా?

సంపాదకులకు నమస్కారం.

మీ సినిమా పేజీలో పాఠకులు పాత హారర్ సినిమాలు చూసి, స్టార్లు వేసి పంపే చిన్న సమీక్షలను శ్రద్ధగా చదువుతున్నాను. పేరు కూడా ఎవరికీ పెద్దగా తెలియని సినిమాలకు దినపత్రికలో ఇంత చోటు దొరకడం సంతోషం. అయితే వాటిలో ఒక లోటు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. చూసింది ఏ కాపీ, ఎన్ని నిమిషాలది, ఏ భాషలో విన్నారు అన్నది ఎవరూ రాయడం లేదు. ఈమధ్య వచ్చిన సినిమాలకైతే ఆ అవసరం తక్కువ, అందరూ చూసేది ఇంచుమించు ఒకటే. పాత హారర్‌కు వచ్చేసరికి ఒకే పేరు మీద మూడు నాలుగు రకాల సినిమాలు తిరుగుతుంటాయి. ఒకరు నాలుగు స్టార్లు, ఇంకొకరు ఒకటిన్నర ఇచ్చారంటే అభిరుచి భేదం అనుకుని వదిలేస్తాం. చాలాసార్లు ఇద్దరూ చూసిన సినిమాలే వేరు.

1922 నాటి జర్మన్ మూకీ ‘నోస్ఫెరాటు’ సంగతి చూడండి. దీనికి తక్కువ స్టార్లు వేసేవాళ్ళ ఫిర్యాదు ఒకటే: రక్తపిశాచి పట్టపగలు శవపేటిక మోసుకుంటూ ఊరి వీధుల్లో తిరుగుతుంది, చివరికి మాత్రం సూర్యుడి వెలుగు తగలగానే మాయమైపోతుంది, ఇదెక్కడి తర్కం అని. తర్కంలో తప్పేమీ లేదు. అప్పటి ఫిల్ముతో రాత్రిపూట ఆరుబయట చిత్రీకరించడం దాదాపు అసాధ్యం. పగలే తీసి, ఆ భాగం ప్రింటుకు నీలిరంగు అద్దేవారు. నీలం కనబడితే రాత్రి, పసుపు ఛాయ అయితే పగలో దీపపు వెలుగో, గులాబీ అయితే తెల్లవారుజాము. ప్రేక్షకులు రంగును బట్టి వేళ గుర్తుపట్టేవారు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే చాలా కాపీలు ఆ రంగు పోయిన నలుపు తెలుపు ప్రింట్ల నుంచి వచ్చినవి. అందులో రాత్రి అనేదే లేదు. వెలుగు తగిలితే చచ్చే పిశాచి కథలో రాత్రి లేకపోతే ఇక మిగిలేదేముంది? ఆ కాపీ చూసి ఒకటిన్నర స్టారు ఇచ్చినవారిని తప్పుపట్టలేం. కానీ ఆ ఒకటిన్నర దర్శకుడు మూర్నా ఖాతాలో రాయకూడదు.

అదే సినిమాలో రెండో చిక్కు వేగం. మూకీల కాలంలో సెకనుకు 24 ఫ్రేములు (ఫిల్ము మీది విడివిడి బొమ్మలు) అనే కట్టుబాటు లేదు. 16, 18, 20, ఇలా సినిమాను బట్టి ఉండేది. ‘నోస్ఫెరాటు’ మొదటి విడుదలనాటి పొడవు 1,967 మీటర్లు. 35 మి.మీ. ఫిల్ములో మీటరుకు సుమారు 52 ఫ్రేములన్నర, అంటే మొత్తం సుమారు 1,03,000 ఫ్రేములు. సెకనుకు 18 చొప్పున నడిపితే 95 నిమిషాలు వస్తుంది. శ్రద్ధగా పునరుద్ధరించిన వెర్షన్ 94 నిమిషాలు ఉండటానికి కారణం అదే. అదే ఫిల్మును 24 చొప్పున నడిపితే 72 నిమిషాల్లో అయిపోతుంది. మనుషులు గబగబా కీలుబొమ్మల్లా నడుస్తారు, పిశాచి మెల్లగా తలుపులో నిలబడి చూసే చోట నవ్వొస్తుంది. కాబట్టి మీ కాపీ 72 నిమిషాలదైతే కత్తిరింపు లేకపోవచ్చు, వేగం తప్పు. 63 నిమిషాలదైతే అది ఒక్క వేగం వల్ల జరిగింది కాదు, ముక్కలే పోయాయి. ఈ సినిమాకు అసలు ప్రింట్లే మిగలకుండా పోవాల్సింది. ‘డ్రాక్యులా’ నవల హక్కులు కొనకుండా తీశారని రచయిత భార్య కోర్టుకు వెళ్తే, ప్రింట్లన్నీ నాశనం చేయాలని 1925లో తీర్పు వచ్చింది. అప్పటికే బయటి దేశాలకు వెళ్ళిన ప్రింట్ల వల్ల బతికింది. అందుకే ఇన్ని రకాల తునకలు.

నిడివి చూసి కాపీని పసిగట్టడం టాకీలకూ పనికొస్తుంది. అయితే ఒక మెలిక తెలిసి ఉండాలి. ఐరోపా టీవీ ప్రసారాలకూ అక్కడి డీవీడీలకూ సెకనుకు 25 ఫ్రేముల పద్ధతి వాడేవారు. 24 ఫ్రేముల సినిమాను అందులోకి ఎక్కించేటప్పుడు మామూలుగా ఒక ఫ్రేము వేగం పెంచేసేవారు. దానితో సినిమా 4 శాతం కుదించుకుపోతుంది, గొంతులు కూడా కొంచెం సన్నబడతాయి. 100 నిమిషాలది 96 నిమిషాలే కనబడుతుంది. ఒక్క సీను కూడా పోలేదు. 1957 నాటి బ్రిటిష్ సినిమా ‘నైట్ ఆఫ్ ది డీమన్’ పూర్తి నిడివి 95 నిమిషాలు. మీ కాపీ 91 నిమిషాలు చూపిస్తే అది ఈ వేగం లెక్కే. 82 నిమిషాల చుట్టూ చూపిస్తే అది ‘కర్స్ ఆఫ్ ది డీమన్’ పేరుతో అమెరికాలో విడుదల చేసిన కత్తిరించిన వెర్షన్. కథానాయకుడు దేన్నీ నమ్మని మనిషి. ఆ అపనమ్మకం కొద్దికొద్దిగా సడలడమే కథ. దానికి ఊతమిచ్చే సన్నివేశాలు కొన్ని పొట్టి వెర్షన్‌లో లేవు, అందుకే అందులో అతని మార్పు ఉన్నట్టుండి వచ్చినట్టు ఉంటుంది. "పాత్రచిత్రణ బలహీనం" అని రాసేముందు గడియారం చూసుకోవాలి.

ఈ వేగం తేడా సబ్‌టైటిల్స్‌ను కూడా పాడుచేస్తుంది. 24 ఫ్రేముల కాపీకి 25 ఫ్రేముల సబ్‌టైటిల్ ఫైలు తగిలిస్తే మొదటి మాటలు సరిగానే పడతాయి, గంట గడిచేసరికి రెండు నిమిషాలకు పైగా ముందుకు పోతాయి. చాలామంది ఆలస్యం మీట నొక్కుతూ పోతారు. అది కాసేపే ఆగుతుంది, మళ్ళీ తప్పుతుంది. సబ్‌టైటిల్ ఎడిటర్‌లో ఫ్రేమ్ రేటును 25 నుంచి 24కు మార్చి దాచుకుంటే మొత్తం ఒక్కసారే కుదురుకుంటుంది. తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే ఆలస్యం సమస్య, పోనుపోను పెరుగుతుంటే వేగం సమస్య. ఇంకో మోసం కూడా ఉంది. కొన్ని పాత డిస్కుల్లో సబ్‌టైటిల్స్ అసలు భాష నుంచి అనువదించినవి కావు, ఇంగ్లీషు డబ్బింగ్ మాటల్ని యథాతథంగా ఎక్కించినవి. పాత్ర పెదవి విప్పనప్పుడు కూడా తెర కింద మాటలు పడుతుంటే అనుమానించండి.

కత్తిరింపుల్లో కూడా రకాలున్నాయి. కొన్ని సెన్సారు తీసేసినవి, కొన్ని పంపిణీదారులు థియేటర్లో ఆటల సంఖ్య కోసం తగ్గించినవి, కొన్ని ఏకంగా వేరే సినిమాగా మార్చేసినవి. 1964 నాటి జపాన్ చిత్రం ‘క్వైదాన్’ నాలుగు కథల గుచ్ఛం, 183 నిమిషాలు. విదేశాల్లో తిరిగిన పొట్టి ప్రింట్లలో మంచుకన్య కథ మొత్తం లేదు. 1973 నాటి ‘ది వికర్ మాన్’కు 88 నిమిషాల వెర్షన్, 2013లో వచ్చిన 94 నిమిషాల వెర్షన్, ఇంకా పొడవైనది ఒకటి ఉన్నాయి. పోలీసు అధికారి ఆ దీవిలో గడిపేది పొడవైన వెర్షన్‌లో రెండు రాత్రులు. పొట్టిదానిలో రెండింటినీ ఒకటిగా కుట్టేశారు. బిల్ గన్ తీసిన ‘గాంజా అండ్ హెస్’ (1973) ఇంకా ఘోరం. 113 నిమిషాల సినిమాను నిర్మాతలు 78 నిమిషాలకు తిరగ్గోసి, పేరు మార్చి అమ్ముకున్నారు. దర్శకుడి సినిమా న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్న ప్రింటు పుణ్యమా అని మిగిలింది.

మారియో బావా తీసిన ‘బ్లాక్ సాబత్’ (1963) విషయంలోనైతే ఇటాలియన్ వెర్షన్‌కూ అమెరికన్ వెర్షన్‌కూ విడివిడిగా స్టార్లు ఇవ్వాలనే నా అభిప్రాయం. మూడు కథల వరస మార్చారు, నేపథ్య సంగీతం వేరేవాళ్ళతో చేయించారు. టెలిఫోన్ కథలో దెయ్యమే లేదు, అది మనుషుల పగ కథ. అమెరికన్ వెర్షన్‌లో దాన్ని దెయ్యం కథగా మార్చేశారు. చివర నటుడు బోరిస్ కార్లాఫ్ గుర్రం మీద దౌడు తీస్తుంటే కెమెరా వెనక్కి జరిగి, అది బొమ్మగుర్రమనీ, పనివాళ్ళు చెట్టుకొమ్మలు పట్టుకుని ముందు నుంచి పరుగెత్తుతున్నారనీ చూపించే ముగింపు కూడా అమెరికన్ వెర్షన్‌లో లేదు.

ఇటాలియన్ సినిమాల మాట వచ్చింది కాబట్టి డబ్బింగ్ గురించి. "పెదవులు కలవలేదు" అని అర స్టారు కోసేవాళ్ళున్నారు. 1960లు, 70లలో ఇటలీలో సినిమాలు ఎక్కువగా శబ్దం లేకుండానే తీసి, తర్వాత అన్ని భాషల్లోనూ గొంతులు చేర్చేవారు. తలా ఒక దేశం నుంచి వచ్చిన నటులు తలా ఒక భాషలో మాట్లాడేవారు. అంటే ఇటాలియన్ ట్రాకు కూడా డబ్బింగే. అక్కడ అసలు భాష ఏదన్న ప్రశ్న కంటే, ముఖ్య నటుల పెదవులు ఏ భాషకు కలుస్తున్నాయో రెండు నిమిషాలు చూసి ఆ ట్రాకు ఎంచుకోవడం మేలు. జపాన్, ఫ్రెంచి, చెక్ సినిమాలకు ఈ వెసులుబాటు వర్తించదు. వాటిని సొంత భాషలోనే చూడాలి. జార్జ్ ఫ్రాంజూ తీసిన ‘ఐస్ వితౌట్ ఎ ఫేస్’ (1960)ను 1962లో అమెరికాలో ఇంగ్లీషు డబ్బింగ్ చేసి ‘ది హారర్ చాంబర్ ఆఫ్ డాక్టర్ ఫాస్టస్’ అని వదిలారు. ఫాస్టస్ అనే పాత్ర కథలో ఎక్కడా లేదు.

ఇక శబ్దం. పాత హారర్ సినిమాలకు అన్యాయం జరిగేది ఎక్కువగా ఇక్కడే, ఎవరూ గమనించనిదీ ఇదే. 1942 నాటి ‘క్యాట్ పీపుల్’లో పార్కు గోడ వెంట నడిచే సన్నివేశం గుర్తు చేసుకోండి. ఒకామె ముందు నడుస్తోంది, ఇంకొకామె వెనక వస్తోంది. సంగీతం లేదు. వీధి దీపాల కింద వెలుగు మడుగులు, మధ్యలో చీకటి. రెండు జతల మడమల చప్పుడు. ముందామెవి నిదానంగా, వెనకామెవి గబగబా. ఉన్నట్టుండి వెనక చప్పుడు ఆగిపోతుంది. మనిషి తప్పుకుందా, మరేదైనా అయ్యిందా తెలియదు. ముందామె నడక పరుగవుతుంది. దీపం దగ్గర ఆగి వెనక్కి చూస్తుంది, ఏమీ లేదు. సరిగ్గా అప్పుడు తెర పక్క నుంచి పులి బుసలాంటి చప్పుడుతో ఒక బస్సు దూసుకొచ్చి ఆగుతుంది. బ్రేకు గాలి చప్పుడు, అంతే. నిర్మాత వాల్ ల్యూటన్ పేరు మీద ఈ ఎత్తుగడను సినిమావాళ్ళు ఇప్పటికీ ‘ల్యూటన్ బస్సు’ అంటారు.

ఈ సీను పనిచేయాలంటే మడమల చప్పుడు చెవి రిక్కించి వినేంత చిన్నగా ఉండాలి, బస్సు పెద్దగా ఉండాలి. ఇప్పటి టీవీల్లో ‘ఆటో వాల్యూమ్’, ‘నైట్ మోడ్’ అనే ఏర్పాట్లుంటాయి. చిన్న శబ్దాన్ని పెంచడం, పెద్ద శబ్దాన్ని తగ్గించడం వాటి పని. అవి ఆన్‌లో ఉంటే మడమలూ బస్సూ ఒకే స్థాయిలో వినబడతాయి. "బస్సు వచ్చింది, అయితే ఏంటి" అనిపిస్తుంది. కాబట్టి ఆ రెండూ ఆపండి. సరౌండ్ ఎఫెక్టు ఆపండి. ఆనాటి సినిమాలు మోనోలో, అంటే శబ్దమంతా ఒకే చోటు నుంచి వచ్చేలా తీసినవి, గొంతు గది నలుమూలల నుంచి కాకుండా తెర మీది నుంచే రావాలి. మోనో ట్రాకు, కొత్తగా కలిపిన స్టీరియో ట్రాకు రెండూ ఉంటే మోనోనే పెట్టుకోండి. కొత్త మిక్సుల్లో కొన్నిసార్లు అసలు లేని శబ్దాలు కూడా చేరుస్తారు. టీవీ స్పీకరు కంటే మామూలు వైరు హెడ్‌ఫోన్స్ నయం. గుసగుసలు, తలుపు కిర్రు, దూరపు అడుగులు పోవు.

చిత్రం ఆకారం గురించి కూడా ఇంతే జాగ్రత్త. 1950ల ముందు సినిమాలు దాదాపు చతురస్రానికి దగ్గరగా, 1.37 నిష్పత్తిలో (ఎత్తుకు 1.37 రెట్లు వెడల్పు) ఉంటాయి. వెడల్పాటి టీవీలో వాటికి రెండు పక్కలా నల్ల పట్టీలు రావడమే సరైనది. పట్టీలు బాలేదని ‘జూమ్’ నొక్కితే ఎత్తులో సుమారు 23 శాతం పోతుంది, తలలు తెగుతాయి. సాగదీస్తే చంద్రుడు కోడిగుడ్డవుతాడు. గుండ్రని గడియారమో చంద్రుడో తెరమీదికి వచ్చినప్పుడు ఒకసారి చూసుకుంటే తెలిసిపోతుంది. దీనికి పూర్తి విరుద్ధం వెడల్పు సినిమాలు. 1961 నాటి ‘ది ఇన్నొసెంట్స్’ 2.35 నిష్పత్తిలో తీసినది. పాత టీవీ కాపీల్లో రెండు పక్కలా కోసేశారు, 43 శాతం బొమ్మ పోయింది. ఆ సినిమాలో భయమంతా అంచుల్లో ఉంటుంది. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ కావాలనే అంచులు మసకబారేలా ఫిల్టర్లు వాడాడు. చెరువు అవతల రెల్లుగడ్డిలో దూరంగా నల్లబట్టల్లో నిలబడ్డ మనిషి ఫోను తెర మీద ఒక చుక్క. ఇంకో మాట, ఆ సినిమా నల్ల తెర మీద ఒక పాటతో మొదలవుతుంది. ఫైలు పాడైందనుకుని ముందుకు జరపకండి.

టీవీ అమరికలు క్లుప్తంగా: ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్ పెట్టండి. కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఆపండి, అది పాత సినిమాను సీరియల్‌లా మార్చేస్తుంది. షార్ప్‌నెస్ పూర్తిగా తగ్గించండి. డైనమిక్ కాంట్రాస్ట్, నాయిస్ రిడక్షన్ రెండూ ఆపండి, రెండోది ఫిల్ము రేణువుల్ని చెరిపేసే క్రమంలో ముఖాల్ని మైనంలా చేస్తుంది. బ్రైట్‌నెస్ సరిచూడటానికి నల్లకోటు వేసుకున్న మనిషి చీకటిలో ఉన్న షాట్ ఆపి చూడండి. కోటు మడతలు లీలగా కనబడాలి, వెనక చీకటి మాత్రం బూడిదరంగులోకి రాకూడదు. కదిలేటప్పుడు అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు కనబడితే ప్లేయర్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి.

అయితే వింతగా కనబడే ప్రతిదీ కాపీ తప్పు కాదు, ఇది కూడా తెలియాలి. డ్రయర్ తీసిన ‘వాంపైర్’ (1932) అంతా పొగమంచులో ముంచినట్టు బూడిదరంగులో ఉంటుంది. లెన్సు ముందు కొంత దూరంలో పల్చటి గుడ్డ కట్టి మరీ అలా తీశారు. ఎంత మంచి ప్రింటు తెచ్చినా అది తేటపడదు, తేటపడకూడదు. 1933 నాటి ‘మిస్టరీ ఆఫ్ ది వాక్స్ మ్యూజియం’ రెండు రంగుల టెక్నికలర్‌లో తీసినది, అందులో నిజమైన నీలం రాదు. నారింజ, ఆకుపచ్చ ఛాయలే దాని అసలు రూపం. 1931 ‘డ్రాక్యులా’లో పేర్ల తర్వాత నేపథ్య సంగీతం దాదాపు ఉండదు, ఆ నిశ్శబ్దం లోపం కాదు. వీటికి విరుద్ధంగా 1950ల తర్వాతి రంగుల సినిమా మొత్తం గులాబీ రంగులో తేలుతుంటే అది ఖాయంగా ప్రింటు జబ్బే. ఆనాటి రంగు ఫిల్ములో నీలి, ఆకుపచ్చ ఛాయలనిచ్చే పొర ముందు వెలిసిపోయి ఎరుపు మిగులుతుంది.

అందరికీ తెలిసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ (1968) కూడా ఈ బాధ పడింది. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు పాత టైటిల్ కార్డుతో పాటు కాపీరైట్ ప్రకటన కూడా ఎగిరిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం అది లేకపోతే హక్కులు లేనట్టే. దాంతో ఎవరికి వారు దొరికిన ప్రింటు నుంచి కాపీలు తీసుకున్నారు. రంగులు పూసినవి వచ్చాయి, 1998లో కొత్త సీన్లు తీసి అతికించినది కూడా వచ్చింది. అసలు నెగటివ్ నుంచి 2016లో పునరుద్ధరించిన కాపీ, మసిపట్టిన ఉచిత కాపీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే సినిమా అని నమ్మడం కష్టం.

మన దేశపు పాత సినిమాల దగ్గర జరిగే పొరపాటు వేరు: పాటలు దాటేయడం. ‘మహల్’ (1949)లో దెయ్యమనిపించే ఆడమనిషి ఉనికి మనకు అందేదే పాటగా. ‘బీస్ సాల్ బాద్’ (1962), ‘వో కౌన్ థీ’ (1964) కూడా అంతే, పాట దూరం నుంచి వినబడటమే దెయ్యం రావడం. పది సెకన్ల బాణం నొక్కుతూ చూసి "భయపెట్టలేదు" అంటే ఎలా? ముగింపు పేర్లు కూడా దాటేయకండి. ఆస్ట్రేలియన్ సినిమా ‘లేక్ మంగో’ (2008)లో పేర్లు పడేటప్పుడు చూపించే బొమ్మలు కథలో భాగం. చాలా యాప్‌లు సరిగ్గా ఆ సమయానికి తెరను మూలకు కుదించి తర్వాతి సినిమా ప్రకటన పెడతాయి. ఆటోప్లే ముందే ఆపుకోవాలి.

ఇప్పుడు స్టార్ల సంగతి. ఐదు స్టార్ల కొలతలో అందరూ మూడు దగ్గర గుమికూడటానికి కారణం, ఏ అంకె దేనికో ముందు అనుకోకపోవడం. నా సూచన ఇది. ఒకటి అంటే ఆ దర్శకుడి మీద ప్రత్యేక ఆసక్తి ఉంటే తప్ప వద్దు. రెండు అంటే ఒకటి రెండు సీన్లున్నాయి, సినిమా లేదు. మూడు అంటే ఈ తరహా ఇష్టమున్నవాళ్ళు నిరభ్యంతరంగా చూడొచ్చు. నాలుగు అంటే హారర్ ఇష్టం లేనివాళ్ళకు కూడా చెప్పొచ్చు. ఐదు మాత్రం రెండోసారి చూసేదాకా ఇవ్వకండి. మొదటిసారి ఉలికిపాటుకూ భయానికీ తేడా తెలియదు. ఉలికిపాటు ఎక్కడ వస్తుందో తెలిశాక కూడా ఆ సీను దగ్గరకు వచ్చేసరికి చేతులు బిగుసుకుంటే అది భయం.

సినిమా అయిన వెంటనే రెండు మూడు ముక్కలు రాసుకుని, అంకె మర్నాడు వేయడం మంచిది. రాత్రిపూట వేసిన అంకెలో ముగింపు బరువు ఎక్కువగా ఉంటుంది. చివరి పది నిమిషాలు బాగుంటే స్టారు పెరుగుతుంది, చప్పగా ఉంటే ముందున్న గంట బాగున్నా పడిపోతుంది. ఇతరుల రేటింగ్ చూశాక వేసిన అంకె మీది కాదు. వరసగా మూడు సినిమాలు చూస్తే మూడోదానికి రేటింగ్ ఇవ్వకండి, అప్పటికి చెవులూ కళ్ళూ మొద్దుబారి ఉంటాయి.

దేనికి తగ్గించాలి, దేనికి కూడదు అన్నది వాదనకు తావున్న విషయమే. రబ్బరు ముసుగు, కట్టిన దారం కనబడటం, నిదానమైన నడక, వీటికి నేను తగ్గించను. "ఇది ఎన్నో సినిమాల్లో చూశాం" అనేముందు విడుదల సంవత్సరం చూడాలి. 1932 నాటి ‘వైట్ జాంబీ’లో జాంబీలు ఎవర్నీ తినడం లేదని విసుక్కునేవాళ్ళున్నారు. మనుషుల్ని తినే నడిచే శవాలు 1968 తర్వాతి ఆనవాయితీ. అంతకుముందు జాంబీ అంటే మంత్రగాడి వెట్టివాడు. చక్కెర మిల్లులో గానుగ చుట్టూ మాటా పలుకూ లేకుండా తిరిగే ఆ మనుషుల్ని అలాగే చూడాలి. తగ్గించాల్సినవి వేరే ఉన్నాయి: నిడివి కోసం నడిపించిన నడకలు, చీకటి చేయడం కూడా మరిచిన పగటి ‘రాత్రులు’, చివర ఒక డాక్టరు నిలబడి అంతా విడమర్చి చెప్పడం. పైన చెప్పిన ‘నైట్ ఆఫ్ ది డీమన్’లో రాక్షసుణ్ణి మొదట్లోనే చూపించేస్తారు. నిర్మాత పట్టుబట్టి పెట్టించాడని ప్రసిద్ధి. ఎవరి నిర్ణయమైనా దానికి అర స్టారు తగ్గించాల్సిందే, ఎందుకంటే ఉందా లేదా అన్న అనుమానం మీద నడవాల్సిన కథ అది. నిజంగా జంతువుల్ని చంపి తీసిన దృశ్యాలున్న సినిమాలు 1970, 80లలో కొన్ని వచ్చాయి. వాటికి స్టార్లు ఎన్ని ఇచ్చినా ఆ హెచ్చరిక మాత్రం తప్పకుండా రాయాలి.

పెద్దగా ఎవరికీ తెలియని సినిమాల సగటు రేటింగులు నమ్మడంలో కూడా జాగ్రత్త కావాలి. వెతుక్కుని చూసేవాళ్ళు ముందే ఇష్టంతో ఉంటారు, అందుకే ఓట్లు తక్కువగా ఉన్నప్పుడు సగటు ఎక్కువగా కనబడుతుంది. ఒక చిన్న లెక్కతో దీన్ని సరిచేయొచ్చు. ప్రతి సినిమాకూ ముందుగా 100 మంది పదికి 6 చొప్పున వేసినట్టు కలుపుకోండి. పదికి 9 సగటుతో 20 ఓట్లున్న సినిమాకు 180, దానికి 600 కలిపి 120తో భాగిస్తే 6.5 వస్తుంది. 7.4 సగటుతో 2,000 ఓట్లున్న సినిమాకు 14,800, దానికి 600 కలిపి 2,100తో భాగిస్తే 7.3. ఏది ముందు చూడాలో తేలిపోతుంది. 9 ఉన్నది చెడ్డదని కాదు, ఇంకా రుజువు కాలేదని.

కాబట్టి సంపాదకులకు విన్నపం. ప్రతి సమీక్ష కింద ఒక్క వరస కేటాయించండి: అసలు పేరు, సంవత్సరం, చూసిన నిడివి, విన్న భాష, కాపీ ఎలా ఉంది. పేరు విషయంలో పట్టింపు ఎందుకంటే, ఒకే సినిమా దేశానికో పేరుతో తిరుగుతుంది, పాఠకుడు రెండు వేర్వేరు సినిమాలనుకుని వెతుకుతాడు. కాపీ గురించి ‘బాగుంది’, ‘ఫర్వాలేదు’, ‘చూడలేం’ అనే మూడు మాటలు చాలు. ‘చూడలేం’ అయితే స్టార్లు వేయకుండా సమీక్ష మాత్రమే ప్రచురించండి. నిడివి అసలుదాని కంటే 5 శాతానికి మించి తగ్గితే పక్కన ‘కత్తిరించినది కావచ్చు’ అని మీ వాళ్ళే చేర్చవచ్చు. 4 శాతం దాకా వేగం లెక్కలో పోతుంది కాబట్టి ఆ హద్దు పెట్టాను. మూకీలకు ఈ హద్దు పనికిరాదు, వాటికి వేగం కూడా అడగాలి.

‘లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ (1927) లాంటి వాటికి రేటింగ్ వస్తే మాత్రం సినిమా రేటింగుగా వేయకండి. దాని చివరి ప్రింటు 1960లలో స్టూడియో గోదాము అగ్నిప్రమాదంలో కాలిపోయిందని చెబుతారు. ఇప్పుడు అందరూ చూస్తున్నది నిశ్చల ఛాయాచిత్రాలు వరసగా పేర్చి 2002లో టీవీ కోసం చేసిన పునర్నిర్మాణం. దానికి స్టార్లు ఇవ్వొచ్చు, కానీ ఆ పునర్నిర్మాణం పేరు మీదే ఇవ్వాలి.

ఇట్లు,
మీ పాఠకుడు